పాత పికప్‌లో డీజిల్ ఇంజిన్ వేయాలంటే ముందు ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న చదివాను. పాత పెట్రోల్ పికప్ ఉంది, ఇంజిన్ అరిగిపోయింది, దాని బదులు డీజిల్ ఇంజిన్ వేద్దామనుకుంటున్నారు. ఏ ఇంజిన్ మంచిది, ఎన్నాళ్లు పడుతుంది, ఎక్కడ ఇబ్బంది వస్తుంది అని అడిగారు.

మాకు పద్నాలుగు నెలలు పట్టింది. రెండు నెలల్లో అయిపోతుందనుకుని మొదలుపెట్టాం. మా అన్నయ్యా నేనూ ఆదివారాలు, సెలవు రోజులు దానికే పెట్టాం. ఈరోజు ఆ బండి రోజూ తిరుగుతోంది, దాన్ని చూస్తే నాకు చాలా సంతోషం. కానీ ఏ ఇంజిన్ మంచిది అని అడిగితే మాత్రం, ఆ ప్రశ్న తర్వాత అడగండి అంటాను. ముందు అడగాల్సినవి రెండున్నాయి. మీరు కొనబోయే ఇంజిన్ ఇంతకుముందు ఏ పని చేసింది? మీరు తీసేయబోయే ఇంజిన్, బండిని లాగడం కాక ఇంకా ఏమేం పనులు చేసేది? మేం తిన్న దెబ్బలన్నీ ఈ రెండూ అడక్కపోవడం వల్ల తిన్నవే.

బ్రేకుల సంగతితో మొదలుపెడతాను. అది మా ప్రాణాల మీదికి వచ్చింది.

పదకొండో నెలలో ఇంజిన్ బండిలో కూర్చుంది, స్టార్ట్ అయింది, గేర్లు పడుతున్నాయి. బానెట్ ఇంకా బిగించలేదు. షెడ్డు ముందు ఖాళీ స్థలంలో ముందుకీ వెనక్కీ నాలుగైదు సార్లు నడిపాం. బ్రేకు పెడల్ కాస్త గట్టిగా ఉందనిపించింది. ఏడాదిగా కదలని బండి కదా, బ్రేకు షూలు పట్టేసి ఉంటాయి, నాలుగు రోజులు తిరిగితే అవే సర్దుకుంటాయి అన్నాడు అన్నయ్య. నేనూ అలాగే అనుకున్నాను. నడిచే వేగంలో బండి ఆగుతూనే ఉంది కాబట్టి అనుమానం రాలేదు. రోడ్డు మీదికి తీసుకెళ్దామని అన్నది నేనే.

షెడ్డు దాటి కొంత దూరం వెళ్తే రోడ్డు పల్లంలోకి దిగుతుంది. సెకండ్ గేరులో ఉన్నాం. పల్లం రాగానే అలవాటుగా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. పాత పెట్రోల్ ఇంజిన్ ఐతే అక్కడ బండిని పట్టి ఆపేది. ఇది అంత పట్టలేదు. వేగం పెరుగుతోంది. బ్రేకు తొక్కాను. పెడల్ రాయిలా ఉంది. కొంచెం కూడా దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని సీట్లోంచి లేచి రెండు కాళ్లతో తొక్కాను. బండి వేగం తగ్గడానికి ప్రయత్నిస్తున్నట్టు తెలుస్తోంది, కానీ ఆగడం లేదు. ఫస్ట్ గేరు వేద్దామని లీవరు లాగితే ఆ వేగంలో పడలేదు. న్యూట్రల్‌లో ఉండిపోయేసరికి ఇంజిన్ పట్టే ఆ కాస్తా పోయింది. ఆ క్షణంలో అన్నయ్య రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు లాగాడు. వెనక చక్రాలు బిగుసుకుని బండి తోక పక్కకి జరిగింది. రోడ్డు పక్కన పోసిన మట్టికుప్పకి ముందు బంపర్ ఆనుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎదురుగా ఎవరూ రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఇంజిన్ మాత్రం అలాగే నడుస్తోంది. అన్నయ్య దిగి ముందుకి వెళ్లాడు. బ్రేకు బూస్టర్ నుంచి వచ్చే లావు రబ్బరు గొట్టాన్ని ఇంజిన్ వైపు నుంచి ఊడదీసి, ఇంజిన్ మీదున్న ఆ కొసని బొటనవేలితో మూశాడు. పీల్చడం లేదు. మళ్లీ మూసి చూశాడు. తల ఎత్తి నా వైపు చూశాడు. అప్పుడు తెలిసింది మేం ఏం చేశామో.

ఇది డీజిల్ గురించి పుస్తకాల్లో ఉండే మొదటి సంగతే. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి దారికి అడ్డంగా ఒక రేకు తలుపు ఉంటుంది. యాక్సిలరేటర్ వదిలితే అది మూసుకుంటుంది. లోపల పిస్టన్లు గాలి కోసం లాగుతూనే ఉంటాయి కాబట్టి మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలిని పంచే గొట్టంలో, వ్యాక్యూమ్ పుడుతుంది. బ్రేకు బూస్టర్ బతికేది దాని మీదే. బూస్టర్ లోపల డయాఫ్రమ్‌కి ఒకవైపు వ్యాక్యూమ్, ఇంకోవైపు బయటి గాలి. ఆ తేడాయే మీ కాలి బలానికి తోడుగా నెడుతుంది. పాతకాలపు డీజిల్‌లో ఆ రేకు తలుపు ఉండదు. గాలి ఎప్పుడూ నిండుగా వస్తుంది, వేగం మారేది పోసే డీజిల్ కొలతను బట్టే. తలుపు లేదు కాబట్టి వ్యాక్యూమ్ లేదు. కాలు తీసినప్పుడు డీజిల్ ఇంజిన్, పెట్రోల్ ఇంజిన్ పట్టినంతగా బండిని పట్టకపోవడానికీ అదే కారణం. మాది పైగా టర్బో ఇంజిన్. మానిఫోల్డ్‌లో పీల్చడం మాట అటుంచి, లోడు పడితే బయటికి నెట్టే ఒత్తిడి ఉంటుంది. పాత ఇంజిన్‌కి ఎక్కడ తగిలించి ఉందో చూసి మేం గొట్టాన్ని అదే చోట, మానిఫోల్డ్‌కే తగిలించాం. గొట్టంలోని వన్‌వే వాల్వు మూసుకుపోయి కూర్చుంది. బూస్టర్ ఉత్త డబ్బా అయింది.

ఫ్యాక్టరీలో డీజిల్ బండ్లకి దీని కోసమే వ్యాక్యూమ్ పంపు వేరుగా పెడతారు. చాలా డీజిల్ బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది. మేం అలాంటి ఆల్టర్నేటర్ తెచ్చి వేశాం. అందులోనూ రెండు సంగతులున్నాయి. ఆ పంపుకి ఇంజిన్ ఆయిల్ వెళ్లే సన్నని గొట్టం, తిరిగి సంప్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, దిగే లావు గొట్టం రెండూ కావాలి. తిరిగే దిక్కు కూడా సరిపోవాలి, లేకపోతే పీల్చదు. గేజి పెట్టి చూస్తే 25 అంగుళాల పాదరసం చూపించింది. ఆ రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టింది.

ఒక నిమిషంలో అయిపోయే పరీక్ష ఉంది, దయచేసి రోడ్డెక్కకముందే చేయండి. ఇంజిన్ ఆపి, బ్రేకు పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగకపోతే బండి కదపొద్దు. మేం పదకొండు నెలలు పని చేసి ఈ ఒక్క నిమిషం పెట్టలేదు.

ఇక ఇంజిన్ సంగతి. మేం కొన్నది కమిన్స్ 4బీటీ. 3.9 లీటర్లు, నాలుగు సిలిండర్లు, బోరు 102 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 120. దీనికే ఇంకో రెండు సిలిండర్లు కలిపితే 5.9 లీటర్ల 6బీటీ, 1989 మోడల్ నుంచి డాడ్జ్ పికప్‌లలో వచ్చింది. గట్టి ఇంజిన్. నాకు దాని మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. కానీ మాది బండిలోంచి దిగిన ఇంజిన్ కాదు, జనరేటర్ సెట్‌లోంచి దిగింది. తక్కువ గంటలు తిరిగింది, లోపల శుభ్రంగా ఉంది, ఇంతకంటే మంచిది దొరకదు అనుకున్నాం. గంటలు తక్కువే. కానీ జనరేటర్ ఉద్యోగం వేరు, బండి ఉద్యోగం వేరు.

జనరేటర్ ఇంజిన్ జీవితమంతా ఒకే వేగంలో తిరుగుతుంది. 50 హెర్ట్జ్ కరెంటుకైతే నిమిషానికి 1500 చుట్లు, 60 హెర్ట్జ్‌కైతే 1800. లోడు పెరిగినా తగ్గినా అక్కడే నిలబెట్టడం దాని డీజిల్ పంపులోని గవర్నర్ పని. మేం యాక్సిలరేటర్ కేబుల్ కలిపి తొక్కితే, కాస్త కదపగానే ఇంజిన్ ఉలిక్కిపడ్డట్టు లేచేది, 1800 దగ్గర గోడ తగిలినట్టు ఆగేది. మధ్యలో ఎక్కడా నిలకడగా ఉండేది కాదు. మొదట్లో కేబుల్ తప్పనుకున్నాం, తర్వాత లింకు పొడవు తప్పనుకున్నాం, పైన స్క్రూలు తిప్పాం. పంపు విప్పి టెస్ట్ బెంచి మీద పెట్టే మేస్త్రి ఒక్క చూపు చూసి, లోపలి స్ప్రింగులే వేరని చెప్పాడు. చివరికి బండికి వాడే బాష్ వీఈ పంపు తెచ్చి వేశాం. ఆ పంపు మార్చాక డీజిల్ చిమ్మే టైమింగ్ కూడా మళ్లీ డయల్ గేజితో పెట్టాలి, కంటి అంచనా పనికిరాదు.

ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, కూడా అంతే. జనరేటర్‌కి క్లచ్ ఉండదు కదా. ఫ్లైవీల్ మీద క్లచ్ ప్లేటు రుద్దుకునే నున్నటి ముఖం లేదు, ప్రెజర్ ప్లేటు బిగించే రంధ్రాలూ లేవు. వ్యాక్యూమ్ పంపు ఎందుకు లేదో కూడా ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. జనరేటర్‌కి బ్రేకులెక్కడివి? డెలివరీ వ్యాన్‌లోంచి దిగిన అదే ఇంజిన్ కొని ఉంటే, ఎక్కువ కిలోమీటర్లు తిరిగిందైనా సరే, మాకు ఐదు నెలలు మిగిలేవి. వీలైతే ఇంజిన్ ఒక్కటే కొనకండి. గేర్‌బాక్సు, పంపులు, బ్రాకెట్లు, వైరింగ్, రేడియేటర్ గొట్టాలతో సహా మొత్తం బండినే కొనండి. తుక్కు బండైనా పర్వాలేదు. ఇంజిన్ కంటే దాని చుట్టూ ఉండే చిన్న సామానుకే ఎక్కువ తిరగాల్సి వస్తుంది.

అడాప్టర్ ప్లేట్లు అమ్మేవాళ్ల మీద నాకు కోపం ఉంది. ఇంజిన్‌కి ఒక పక్క, గేర్‌బాక్సుకి ఒక పక్క బిగించే దళసరి ప్లేటు అది. "బోల్టులు బిగిస్తే చాలు" అని అమ్ముతారు. మాకు అలాగే అమ్మారు. బిగించి క్లచ్ తొక్కితే గేర్‌బాక్సులోంచి కీచుమని శబ్దం. బేరింగ్ అనుకుని బేరింగ్ మార్చాం, శబ్దం పోలేదు. లేత్ పని చేసే పెద్దాయన ఒకరు వచ్చి, క్రాంక్ మీద డయల్ గేజి బిగించి చుట్టూ తిప్పి చూశారు. క్రాంక్ కేంద్రం ఒకచోట, గేర్‌బాక్సు కేంద్రం ఇంకోచోట. తేడా 0.4 మిల్లీమీటర్లు వచ్చింది. గేజి ముల్లు 0.13 దాటకూడదనేది ఈ పని చేసేవాళ్లు పాటించే లెక్క. ప్లేటుని మళ్లీ బోరు చేయించి, దాన్ని సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులు కొత్తగా వేయించాకే శబ్దం ఆగింది. అంత దళసరి ప్లేటు చూసి అది సరిగ్గానే ఉంటుందని నమ్మకండి. కొలిచి నమ్మండి.

వీడియోల మీద కూడా నాకు ఇదే ఫిర్యాదు. పన్నెండు నిమిషాల్లో పాత ఇంజిన్ పైకి లేస్తుంది, కొత్తది దిగుతుంది, ఆఖర్న పొగ వదులుతూ బండి వెళ్లిపోతుంది. మధ్యలో ఆరు నెలలు ఎందుకు కోసేశారో చెప్పరు. ఒక్క రిటర్న్ లైను గురించి చెప్పినవాళ్లని నేను చూడలేదు.

రిటర్న్ లైను అంటే, డీజిల్ పంపు తనకి కావాల్సిన దానికంటే ఎక్కువ డీజిల్ లాక్కుంటుంది. మిగిలింది పంపుని చల్లబరిచి, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల దగ్గర లీకైన దానితో కలిసి ట్యాంకుకి తిరిగి వెళ్లాలి. మా పాత కార్బ్యురేటర్ బండి ట్యాంకులో అలాంటి దారే లేదు. ట్యాంకు దించి, కడిగి, ఆరబెట్టి కొత్త గొట్టం పెట్టించాం. పెట్రోల్ ట్యాంకుకి వెల్డింగ్ మంట ఇంట్లో ఎవరూ పెట్టకండి. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం, ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

ఆ తర్వాత ఆరు వారాలు డీజిల్ లైనులో గాలి పట్టడంతోనే సరిపోయింది. సాయంత్రం బాగా నడిచిన ఇంజిన్ పొద్దున సెల్ఫ్ ఎంత తిప్పినా లేచేది కాదు. నాజిల్ నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి, గాలి బుడగలు పోయి డీజిల్ చిమ్మేదాకా తిప్పి, బిగిస్తే మళ్లీ నడిచేది. మర్నాడు మళ్లీ అదే. ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు. కారదు కూడా. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైనులో ఉండేది పీల్చే ఒత్తిడి, చిల్లు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి వెళ్తుంది. ఆగి ఉన్నప్పుడు ఆ గాలి వల్ల డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. అన్నయ్య ఫీడ్ పంపుకి ముందు ఒక అడుగు పొడవు పారదర్శకమైన గొట్టం పెట్టాడు. ఇంజిన్ నడుస్తుంటే అందులో సన్నని బుడగలు వరసగా కనిపించాయి. అలా గొట్టాన్ని ఒక్కో జాయింటు వెనక్కి జరుపుతూ పోతే, పాత పెట్రోల్ లైనులోని రబ్బరు ముక్క దగ్గర దొరికింది. పైకి మామూలుగానే ఉంది, వంచితే పగుళ్లు. మొత్తం లైను కొత్తది వేశాం. మీరు మొదటి రోజే కొత్తది వేసేయండి.

ఒక్క రోజు మాత్రం తప్పు గాలిది కాదు, అది తెలియక మధ్యాహ్నం దాకా గాలి తీస్తూ కూర్చున్నాం. పంపు మీద డీజిల్‌ని ఆపే సోలనాయిడ్ ఉంటుంది, కరెంటు ఉన్నంతసేపే దారి తెరిచి ఉంచుతుంది. దాని వైరు వదులైంది. తాళం తిప్పినప్పుడు అక్కడ టక్కుమని శబ్దం వస్తుందో లేదో ముందు వినండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి లోపలికి వెళ్లే నోరుకి సరిపోయే చెక్క పలక ఒకటి పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడాలి. ఎన్నాళ్లో ఆగి ఉన్న టర్బోలోంచి ఆయిల్ లోపలికి పోతే, డీజిల్ ఆపినా ఇంజిన్ ఆ ఆయిల్‌నే తాగి ఆగకుండా పరుగెడుతుంది. అప్పుడు గాలి మూయడం ఒక్కటే దారి. చేయి మాత్రం అడ్డుపెట్టకూడదు. మాకు అవసరం రాలేదు, కానీ అన్నయ్య పలక పట్టుకునే నిలబడ్డాడు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఆయిల్ సంప్ ముందు యాక్సిల్‌కి తగిలింది, కోసి వెల్డింగ్ చేయించాం. ఈ ఇంజిన్ దాదాపు 340 కిలోలు, పాతదానికంటే బాగా ఎక్కువ. ముందు కమాన్లు నాలుగు సెంటీమీటర్లు దిగాయి, పట్టీలు కలపాల్సి వచ్చింది. ఇంజిన్ కింద గట్టి బుష్‌లు వేసి తప్పు చేశాం. బ్యాలెన్స్ షాఫ్టులు లేని పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజిన్ చుట్టుకి రెండుసార్లు బండిని కుదుపుతుంది. నెలలో రేడియేటర్ బ్రాకెట్ చిట్లింది. మెత్తటి బుష్‌లు వేశాక అద్దంలో వెనక బండ్లు కనిపించాయి. ఆర్‌పీఎం మీటరు చచ్చిపోయింది, ఎందుకంటే అది లెక్కపెట్టేది ఇగ్నిషన్ కాయిల్ దెబ్బల్ని. డీజిల్‌కి కాయిల్ లేదు. ఆల్టర్నేటర్ మీదుండే డబ్ల్యూ టెర్మినల్ నుంచి తీసుకునే మీటరు వేరే పెట్టాం. ఈ సిరీస్ ఇంజిన్లలో ముందుండే టైమింగ్ గేర్ల కేసు లోపలి చిన్న డోవెల్ పిన్ వదులై గేర్లలో పడే అవకాశం ఉంది. మాది గట్టిగానే ఉంది, అయినా పక్క బోల్టు కింద చిన్న రేకు పట్టీ వేసి అది కదలకుండా చేశాం. ఇంజిన్ బయట ఉన్నప్పుడే అది చేసేయండి. కాగితాల్లో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించడానికి మీ దగ్గర ఒప్పుకుంటారో లేదో కొనకముందే కనుక్కోండి.

వేగం సంగతి మాత్రం కొంచెం ఆగి లెక్క వేసుకోండి. మా బండి వెనక యాక్సిల్‌లోని క్రౌన్ గేర్ల రేషియో 4.10, టాప్ గేరు ఒకటికి ఒకటి, చక్రం ఒక చుట్టుకి దాదాపు 2.2 మీటర్లు వెళ్తుంది. పెట్రోల్ ఇంజిన్ 4000 తిరిగితే గంటకి 128 కిలోమీటర్లు వచ్చేది. డీజిల్ 2500 దగ్గరే హాయిగా ఉంటుంది, అంటే 80. ఆ పైన ఇంజిన్ అరుపే తప్ప లాభం లేదు. క్రౌన్ మార్చి 3.50 వేశాక అదే 2500కి 94 వస్తోంది, బరువు వేసినా లాగుతోంది. ఇది గేర్‌బాక్సు ఎంచుకోకముందే కాగితం మీద తేల్చుకోవాల్సిన లెక్క, మేం బండి నడిచాక తేల్చుకున్నాం.

మీరు చూసిన ఇంజిన్ ప్లేటు మీద ఏం రాసి ఉందో, అది దేనిలోంచి దిగిందో, సంప్ గుంట ముందుకుందా వెనక్కుందా రాయండి. మీ బండి ముందు యాక్సిల్ కొలత కూడా పంపితే, అది పడుతుందో పడదో చెప్తాను. అప్పటిదాకా పాత ఇంజిన్ దించకండి. దాని గొట్టాలూ వైర్లూ ఎక్కడెక్కడికి వెళ్తున్నాయో ఒక్కోటీ ఫొటో తీసి పెట్టుకోండి, బ్రేకు బూస్టర్ గొట్టంతో మొదలుపెట్టి.